పువ్వును అడిగారు, పిల్లోణ్ణి అడగలేదు



"మన పిల్లల మనసు" వరుసలో ఇది నాలుగో భాగం. పోయిన భాగం చదివాక మదనపల్లె నుంచి, కుప్పం నుంచి కొందరు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇన్‌బాక్స్‌లో ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, హాస్టల్లో ఒక పిల్లోడు బాగాలేడని మాకు తెలుస్తుంది. ఆ తర్వాత ఏం చెయ్యాల? వాడికేమైందో ఎవరు చూడాల, ఎట్లా చూడాల?"

ఈ ప్రశ్నకు పెద్ద చరిత్ర ఉంది. అది చెప్పే ముందు నా తప్పు ఒకటి చెప్తాను.

పుంగనూరు పక్క ఒక ఆదిఆంధ్రవాడ పిల్లోడు. ఇంటర్ మొదటి సంవత్సరం. గుర్తులు కొన్ని మార్చాను. రాయమన్నది అతనే, రాసింది చదివి సరేనన్నదీ అతనే. హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. పదిలో మంచి మార్కులు. దసరా సెలవుల తర్వాత మనిషి మారిపోయాడు. క్లాసుకు పోడు. సంగటి ముద్ద ముందర పెట్టుకుని అట్లే కూచుంటాడు. రాత్రి రెండు గంటలకు లేచి కుళాయి కాడ నిలబడి ఉంటాడు.

జేజి "గాలి సోకింది" అనింది. నాయన బోయకొండకు తీసుకుపోయాడు. మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. చౌడేపల్లె దగ్గర బోయకొండ గంగమ్మ తల మీద పువ్వులు పెట్టించి, మనసులో ఉండేది అడుగుతారు. పువ్వు కుడి పక్కకు పడితే అనుకున్నది జరుగుతుందని నమ్మకం. కుడి పక్కకే పడింది. తాయెత్తు కట్టించుకుని ఇంటికొచ్చారు. నెల గడిచినా తేడా లేదు.

తర్వాత టౌన్లో ఒక డాక్టరు. ఆయన నాయనను నాలుగు ప్రశ్నలడిగాడు. పిల్లోడు పక్క స్టూలు మీద ఉన్నాడు. "వయసు అట్లాంటిది, సెల్‌ఫోన్ తగ్గించండి" అని బలానికి మాత్రలు రాసి పంపించాడు.

మూడోవాణ్ణి నేను. నేను పోయిన రోజే తేల్చేశాను, ఇది కుల వేధింపు అని. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను కదా, నాకు తెలియదా! అర్జీ రాశాను. పిల్లోడి పేరు పెట్టాను. సంతకం చెయ్యమని కాగితం ముందర పెట్టాను. వాడు పెన్ను పట్టుకుని చాలాసేపు కూచుని, నా మొహం చూడకుండా అన్నాడు: "నువ్వు గూడా నన్ను అడగలేదు గదన్నా."

నాయన పువ్వును అడిగాడు. డాక్టరు నాయనను అడిగాడు. నేను నా సిద్ధాంతాన్ని అడిగాను. మనిషి మా ముగ్గురి పక్కనే ఉన్నాడు.

ఒక మనిషి మనసుకు ఏమైంది, ఎందుకైంది, ఏం చేస్తే కుదుటపడుతుంది అని తెలుసుకునే పనిని మానసిక ఆరోగ్య అసెస్‌మెంట్ అంటారు. ఎవరు అడుగుతారు, ఎవరిని అడుగుతారు, తేలిందాన్ని ఎవరి చేతిలో పెడతారు అనే మూడు ప్రశ్నల చుట్టూనే దాని చరిత్ర తిరిగింది. మనలాంటి వాళ్ళ పిల్లల విషయంలో ఆ మూడూ ఎట్లా నడిచాయో చూద్దాం.

1. అడగక ముందే రాసిన తీర్పు

1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు ఒక కొత్త జబ్బు కనిపెట్టాడు. పేరు డ్రాపిటోమేనియా. బానిసలుగా ఉన్న నల్లవాళ్ళు యజమానుల దగ్గర నుంచి పారిపోవాలనుకోవడమే ఆ జబ్బు. దానికి ఆయన చెప్పిన మందుల్లో కొరడా ఒకటి. పారిపోతున్న మనిషిని "ఎందుకు పారిపోతున్నావు" అని అడిగితే జవాబు ఒక్క ముక్కలో వచ్చేది. అడగాలని ఆ డాక్టరుకు తోచలేదు.

అది అమెరికా అనుకోకండి. మన దగ్గర 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. ముందు ఉత్తరాదిలో, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా. మన చిత్తూరు జిల్లా పుట్టింది కూడా ఆ 1911లోనే. ఎరుకల వాళ్ళను పుట్టుకతోనే నేరస్థులన్నారు. బాపట్ల వైపు స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి ఒక సెటిల్‌మెంట్, కావలి దగ్గర కప్పరాళ్ళతిప్పలో బాప్టిస్టు మిషన్ కింద ఇంకొకటి నడిపారు. ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలను తల్లిదండ్రుల దగ్గర నుంచి వేరుచేసి ప్రత్యేక బడుల్లో పెట్టే అధికారం ఆ చట్టంలోనే ఉంది. ఆ పిల్లల బుద్ధి ఎట్లాంటిదో తేల్చడానికి ఏ ప్రశ్నా అక్కర్లేకపోయింది. కులం పేరు చాలు. ఆ చట్టం 1952లో పోయింది. "మీ వాళ్ళ బుద్ధే అంత" అనే మాట ఈరోజుకీ స్టాఫ్‌రూముల్లో వినిపిస్తుంది. మీలో ఎంతమంది విన్నారో కామెంట్‌లో చెప్పండి.

2. మనిషి పోయి మార్కు మిగిలింది

1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక పని అప్పజెప్పింది. బడిలో వెనకబడుతున్న పిల్లల్లో ఎవరికి ఎక్కువ సాయం కావాలో కనుక్కోవాలి. ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ కలిసి 1905లో ఒక ప్రశ్నల వరుస తయారుచేశారు. బినే ఉద్దేశం సాయం చెయ్యడమే. తెలివి అనేది పుట్టుకతో స్థిరపడిపోయిన కొలత అని ఆయన ఒప్పుకోలేదు కూడా.

ఆ ప్రశ్నలు సముద్రం దాటి అమెరికా పోయేసరికి అర్థం తిరగబడింది. హెన్రీ గొడార్డ్ వాటితో ఎల్లిస్ దీవిలో ఓడ దిగిన వలస కూలీలను "మందబుద్ధులు" అని లెక్కగట్టాడు. లూయిస్ టెర్మన్ 1916లో స్టాన్‌ఫర్డ్-బినే పరీక్ష తెచ్చి, మెక్సికన్, నల్లజాతి పిల్లల తక్కువ మార్కులకు కారణం జాతిలోనే ఉన్నట్టుందని రాశాడు. ఆ పిల్లల ఇల్లు, బడి, ఆకలి ఆ లెక్కలోకి రాలేదు.

1927లో అమెరికా సుప్రీంకోర్టు బక్ వర్సెస్ బెల్ తీర్పు ఇచ్చింది. క్యారీ బక్ అనే పేద యువతి, ఆమె తల్లి, ఆమె పసిబిడ్డ ముగ్గురూ మందబుద్ధులేనని నమ్మి, ఆమెకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యొచ్చని చెప్పింది. కింది కోర్టులో విచారణ జరిగేనాటికి ఆ పసిబిడ్డ వివియన్‌కు నెలల వయసు. ఒకామె చూసి, ఏదో తేడాగా ఉందని సాక్ష్యం చెప్పింది. అంతే. ఆ పాప తర్వాత బడిలో చేరి, మంచి మార్కుల పిల్లల జాబితాలో పేరు తెచ్చుకుంది. చిన్న వయసులోనే జబ్బుచేసి చనిపోయింది.

మన దేశానికి ఈ పరీక్షలు 1920ల్లో వచ్చాయి. లాహోర్‌లోని ఫోర్మన్ క్రిస్టియన్ కాలేజీలో సి. హెచ్. రైస్ హిందుస్తానీలో బినే పరీక్ష తయారుచేశాడు. 1930ల్లో వి. వి. కామత్ మరాఠీ, కన్నడ పిల్లల కోసం బినే-కామత్ పరీక్ష చేశాడు. తర్వాత అది ఇతర భాషల్లోకీ వచ్చింది. మన దేశంలో చాలాచోట్ల పిల్లల తెలివి కొలిచి సర్టిఫికెట్ ఇవ్వడానికి దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు.

మన వాడల్లో అందరికీ తెలిసిన మాట సదరం. సదరం క్యాంపులో పొద్దున్నుంచి లైన్లో నిలబడిన తల్లికి కావాల్సింది నలభై శాతం. నలభై దాటితే పింఛను, లేకపోతే లేదు. ఆ కాగితం వద్దని నేను అనడం లేదు. అది మన హక్కు, కొట్లాడి తెచ్చుకోవాల్సిందే. అయితే ఆ అంకె వచ్చాక "నా బిడ్డకు ఇంతకీ ఏముంది సార్" అని అడిగే తల్లికి జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. అంకె ఫైల్లోకి పోతుంది, తల్లి బస్టాండుకు పోతుంది.

3. అడిగే మనిషి మారితే

ఈ కథను కొట్లాడి తిప్పింది ఎవరు? మళ్ళీ కింది వాళ్ళే.

1968లో అమెరికాలో నల్లజాతి సైకాలజిస్టులు తమ సొంత సంఘం పెట్టుకున్నారు. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు నల్లజాతి పిల్లల తల్లిదండ్రులు కోర్టుకు పోయారు. ఐక్యూ పరీక్షలో 75 లోపు వచ్చిందని వాళ్ళ పిల్లలను మందబుద్ధుల తరగతుల్లో పడేశారు. ఆ తరగతిలో పడిన పిల్లోడు మామూలు చదువుకు తిరిగిరావడం కష్టం. లారీ పి. కేసు అని పేరు. లారీ పి. అంటే ఆ పిల్లల్లో ఒకడి మారుపేరు.

ఆ పిల్లలకు నల్లజాతి సైకాలజిస్టులు మళ్ళీ పరీక్ష పెట్టారు. ముందు పిల్లలతో మాట కలిపారు. పిల్లలకు అర్థమయ్యే మాటల్లో ప్రశ్న అడిగారు. పుస్తకంలో లేకపోయినా తెలివైన జవాబైతే మార్కు వేశారు. ఒక్కరు కూడా 75 కింద ఆగలేదు. పిల్లలు వాళ్ళే. అడిగే మనిషి మారాడు, అడిగే తీరు మారింది, అంకె మారిపోయింది. 1979లో జడ్జి రాబర్ట్ పెక్‌హామ్, నల్లజాతి పిల్లలను ఆ తరగతుల్లో వెయ్యడానికి ఐక్యూ పరీక్షలు వాడొద్దని తీర్పు చెప్పాడు.

దీన్ని మన వైపుకు తెచ్చుకుని చూడండి. కుప్పం పక్క పల్లెలో ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకొకటి, బడిలో మూడోది. తెలుగు, తమిళం, కన్నడ కలిసిన మాటలో పెరిగిన పిల్లోడు కోటు వేసుకున్న మనిషి ముందర "గమ్మున" కూచుంటాడు. ఫైల్లో "స్పందన తక్కువ" అని పడుతుంది. మన పిల్లలకు పెద్ద మనుషుల ముందు మాట్లాడొద్దని నేర్పింది ఎవరు? అదే ఊరు. నేర్పిన నోటితోనే మాట్లాడలేడని రాస్తారు.

4. కలిసి చూసే పద్ధతి

అదే కాలంలో ఇంకో పక్క నుంచి ఒక మార్పు వచ్చింది. పిట్స్‌బర్గ్‌లో డ్యూకేన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కాన్‌స్టన్స్ ఫిషర్ 1970ల నుంచి ఒక మాట చెప్పింది. పరీక్షకు వచ్చిన మనిషి రాయి కాదు, తన జీవితం గురించి మనకంటే ఎక్కువ తెలిసినవాడు, కాబట్టి అతనితో కలిసే చూడాలని. 1985లో దాని మీద పుస్తకం రాసింది. స్టీఫెన్ ఫిన్ ఆ దారిని ముందుకు తీసుకుపోయి 1993లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఒక కేంద్రం పెట్టాడు.

వాళ్ళ పద్ధతి చెప్పుకుంటే చాలా సాదాగా ఉంటుంది. మొదటి రోజు వచ్చిన మనిషినే అడుగుతారు, "నీ గురించి నువ్వు ఏం తెలుసుకోవాలనుకుంటున్నావు?" ఆ ప్రశ్నలు అతని మాటల్లోనే రాసుకుంటారు. ఏ పరీక్ష ఎందుకు పెడుతున్నారో ముందే చెప్తారు. అయిపోయాక "మాకు ఇట్లా అనిపించింది, నీకు సరిపోతుందా? ఎక్కడ సరిపోలేదు?" అని అడుగుతారు. చివరికి అతని ప్రశ్నలకు జవాబులుగా, అతనికి అర్థమయ్యే భాషలో ఒక ఉత్తరం రాసిస్తారు. చిన్న పిల్లలకైతే ఉత్తరం బదులు కథ. ఆ పిల్లోడి కష్టంలాంటిదే ఒక కుందేలు పిల్లకో ఏనుగు పిల్లకో వచ్చినట్టు రాసి చదివి వినిపిస్తారు. పిల్లోడు కథ మార్చమంటే మారుస్తారు.

వయసొచ్చే పిల్లల కోసం ఇంకో పనిముట్టు ఉంది. 1972లో సియాటిల్‌లో హార్వే బెర్మన్ అనే డాక్టరు మొదలుపెడితే, తర్వాత ఎరిక్ కోహెన్ దాన్ని పెంచాడు. పేరు హెడ్స్. ఏ వరుసలో అడగాలో అది చెప్తుంది. ముందు ఇల్లు, తర్వాత చదువు, ఆటపాటలు, ఆ తర్వాతే మత్తు అలవాట్లు, శరీరం, ప్రేమ, చివరికి చావు ఆలోచనలు. తేలిక నుంచి బరువుకు పోవాలి. అమ్మానాన్నలను కాసేపు బయట కూచోబెట్టాలి. "నువ్వు చెప్పింది నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదమైతే తప్ప బయటికి పోదు" అని మొదటే చెప్పాలి. ఆ మినహాయింపు దాచిపెట్టి మాట తీసుకుంటే మోసమే.

5. బెంగళూరు, మదనపల్లె, మన చట్టం

మన వైపు మనసు బాగాలేకపోతే పోయే ఊరు ఇప్పటికీ బెంగళూరే. కుప్పంలో రైలెక్కి పోతారు. నిమ్హాన్స్ అనే పేరు 1974లో వచ్చినా, దాని మూలం 1847 నాటి బెంగళూరు పిచ్చాసుపత్రిలో ఉంది. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. నిమ్హాన్స్ వాళ్ళు బళ్ళారిలో జిల్లా స్థాయిలో చేసి చూపించాక, 1996లో నాలుగు జిల్లాల్లో జిల్లా కార్యక్రమం పెట్టారు. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్ ఒకటి. 2014లో కిశోరప్రాయం పిల్లల కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది, అందులో మానసిక ఆరోగ్యం కూడా ఉంది.

ఆసుపత్రి పెట్టుకుని కూచుంటే వచ్చినవాళ్ళ జబ్బే తెలుస్తుంది, రానివాళ్ళది తెలియదు. ఇది మదనపల్లెకు పాత పాఠం. మదనపల్లె పక్క ఆరోగ్యవరంలో 1915లో మిషన్ల టీబీ శానిటోరియం మొదలైంది. డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నడిపాడు. అప్పుడు టీబీ అంటే ఈరోజు పిచ్చి అన్నట్టే, సంబంధాలు తప్పిపోయే సిగ్గు జబ్బు. 1950ల్లో యొహానెస్ ఫ్రిమోట్-మోలర్ బృందం శానిటోరియం గోడలు దాటి చుట్టుపక్కల పల్లెలకు పోయి, జనాన్ని ఎక్స్‌రే తీసి, ఎవరికి ఎంత ఉందో చూసింది. ఆ పని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది. ఊపిరితిత్తులకు యంత్రాన్ని పల్లెకు తీసుకుపోయారు. మనసుకు తీసుకుపోవాల్సింది చెవిని. ఆ పని మన నేల మీద ఇంకా జరగాల్సే ఉంది.

చట్టం మాత్రం మన పక్కనే ఉంది, చదువుకోండి. పిల్లలకు సంబంధించిన ప్రతి విషయంలో పిల్లల మాట వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పన్నెండో ఆర్టికల్ చెప్తుంది. భారతదేశం 1992లో దాన్ని ఒప్పుకుంది. 2018 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మూడో సెక్షన్ ఇంకా గట్టిగా చెప్తుంది. ఒక మనిషికి మానసిక జబ్బు ఉందని తేల్చేటప్పుడు అతని రాజకీయ, ఆర్థిక, సామాజిక స్థితిని ఆధారం చేసుకోకూడదు. ఊరి కట్టుబాట్లకు తలవంచలేదన్న కారణంతో కూడా తేల్చకూడదు. కార్ట్‌రైట్ డాక్టరు కాలం నుంచి ఎన్ని తరాల దెబ్బలు తింటే ఆ ఒక్క సెక్షన్ వచ్చిందో ఆలోచించండి. వైద్య విషయాల గోప్యత, తన రికార్డు తాను చూసుకునే హక్కు కూడా ఆ చట్టంలో ఉన్నాయి.

6. చావుల తర్వాత అడిగిన ప్రశ్నలు

2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంథిల్ కుమార్. 2016 జనవరి 17న రోహిత్ వేముల. ప్రతి చావు తర్వాత రెండు గొంతులు లేస్తాయి. సంస్థ అంటుంది, "అతనికి వ్యక్తిగత సమస్యలు, డిప్రెషన్." మనం అంటాం, "డిప్రెషన్ కాదు, కులం." సంస్థ మాటలో మోసం ఉంది. జబ్బు పేరు చెప్పి గోడలకు సున్నం కొట్టుకుంటుంది. కాబట్టి మనం ఎదురు నిలవడం న్యాయమే. కానీ ఆ కోపంలో ఇంకో తప్పు చేశాం. డిప్రెషన్ అనే మాటే శత్రువుల మాట అనుకున్నాం. మన పిల్లోడు "అన్నా, నాకు నిద్ర రాదు, బతకాలని లేదు" అని చెప్పుకోవడానికి మన దగ్గర జాగా లేకుండా చేశాం. కులం దెబ్బ కొడితే అది ఒంట్లో, నిద్రలో, ఆకలిలో తగులుతుంది. దెబ్బ కొట్టినవాణ్ణి నిలదీయాలి, దెబ్బకు మందూ వెయ్యాలి.

కలిసి అడిగితే ఏమవుతుందో మన ఉద్యమంలోనే ఉదాహరణ ఉంది. 2006లో ఢిల్లీ ఎయిమ్స్‌లో కుల వివక్ష మీద సుఖదేవ్ థోరట్ కమిటీ వేశారు. ఆ కమిటీ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులనే అడిగింది. హాస్టల్ గదుల్లో ఏం జరుగుతుంది, మెస్సులో ఎవరు ఎక్కడ కూచుంటారు, వైవాలో ఎంతసేపు అడుగుతారు అని. 2007లో నివేదిక వచ్చేసరికి పరీక్షలో నిలబడింది పిల్లలు కాదు, సంస్థ. అంతకుముందే, 2001లో, మన రాష్ట్రంలో కార్పొరేట్ జూనియర్ కాలేజీల ఆత్మహత్యల మీద నీరదా రెడ్డి కమిటీ వేశారు. సిఫారసులు వచ్చాయి, చావులు ఆగలేదు.

విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి కోర్టుకు పోయాడు. సుఖ్‌దేబ్ సాహా వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసు అదే. 2025 జులైలో సుప్రీంకోర్టు, మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పి, 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచులుగా విడగొట్టకూడదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలతో ఎట్లా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. మీ కాలేజీలో ఆ కౌన్సిలర్ ఉన్నాడా? ఉంటే, ప్రిన్సిపాల్‌కు రిపోర్టు ఇచ్చే మనిషా, పిల్లలకు జవాబు చెప్పే మనిషా? ఇది అడగడం విద్యార్థి సంఘాల పని.

7. మళ్ళీ పిల్లోడి దగ్గరికి

అర్జీ చించేశాను. బెంగళూరులో తెలిసినవాళ్ళు చెప్తే ఒక సైకియాట్రిక్ సోషల్ వర్కర్ దగ్గరికి పోయాం. ఆమె మొదట నాయనతో, నాతో మర్యాదగా మాట్లాడి, కాసేపు బయట కూచోమంది. లోపల ఆమె అడిగిన మొదటి ప్రశ్న తర్వాత పిల్లోడు నాకు చెప్పాడు. "నీ గురించి నువ్వు ఏం తెలుసుకోవాల అనుకుంటా ఉండావు?" అనిందంట. చాలాసేపు మాట రాలేదంట. తర్వాత అన్నాడంట, "నేను సోంబేరినా, లేకుంటే నాకు జబ్బా?"

నెలల తరబడి ఆ పిల్లోడి నెత్తి మీద ఉన్న ప్రశ్న అది. గాలి, సెల్‌ఫోన్, కులం అని మేం ముగ్గురం చెప్పిన జవాబుల్లో ఒక్కటీ ఆ ప్రశ్నకు జవాబు కాదు.

ఆమె మామూలు పరీక్షలు చేసింది. డాక్టరు చూశాడు. దాంతోపాటు పిల్లోడి చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చింది. రెండు వారాలు నిద్ర, తిండి, క్లాసు, ఎవరితో మాట్లాడాడు, అప్పుడు ఒంట్లో ఎట్లా ఉంది అని రోజుకు నాలుగు ముక్కలు రాయాలి. రెండు వారాల తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూచుని చదివారు.

సోమవారాలు అన్నిటికంటే చెడ్డగా ఉన్నాయి. ఎందుకో ఆమె చెప్పలేదు. పిల్లోడే చూసి చెప్పాడు. అమ్మ కువైట్‌లో ఉంది, ఇంటి పనికి. దసరాకు రావాల్సింది, రాలేదు. ఆదివారం రాత్రి ఫోన్ చేసి ఏడుస్తుంది. నాయనకు చెప్పొద్దంటుంది. ఇంకొక రోజు కూడా చెడ్డగా ఉంది, స్కాలర్‌షిప్ జాబితా కులం వారీగా క్లాసులో గట్టిగా చదివిన రోజు. అంటే నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కానీ అది మొత్తం కథలో ఒక భాగం, మిగతాది నేను అడగలేదు. వీటన్నిటి పైన మందు అవసరమైన డిప్రెషన్ ఉందని డాక్టరు చెప్పాడు.

ఆమె ఉత్తరం రాసిచ్చింది, ఒకటిన్నర పేజీ, తెలుగులో. "నువ్వు సోంబేరివి కావు. నిద్ర లేని మనిషి పొద్దున లేవలేకపోవడం సోంబేరితనం కాదు" అన్నట్టుగా మొదలవుతుంది. పిల్లోడు ఒక వాక్యం మార్చమన్నాడు, ఆమె మార్చింది. ఆ ఉత్తరంలో నాయనకు ఏం చెప్పాలో, ఏం చెప్పొద్దో కూడా పిల్లోడే తేల్చాడు. అమ్మ ఏడుపు సంగతి తనే చెప్తానన్నాడు, చెప్పాడు. జాబితా గట్టిగా చదవడం ఆపాలని అర్జీ పెట్టాం, అతని పేరు లేకుండా, సంఘం పేరుతో.

అంతా సర్దుకుందని చెప్పను. ఒక సంవత్సరం పోయింది. మందులు కొన్నాళ్ళు వాడాడు. అమ్మ ఇంకా కువైట్‌లోనే ఉంది. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. జేజి ఇప్పటికీ తాయెత్తు తీయనివ్వదు. వాడూ తీయడు, జేజి కట్టింది కదా అంటాడు.

8. హాస్టళ్ళలో తిరిగే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ

జబ్బు పేరు పెట్టడం మన పని కాదు. అది శిక్షణ ఉన్నవాళ్ళ పని. మన పని వాళ్ళ దాకా తోడు పోవడం, పిల్లోడి గొంతు దారిలో పోకుండా చూడటం. దానికి నేను నేర్చుకున్నవి ఇవి.

ముందు విడిగా, నలుగురి ముందర కాకుండా అడగండి. "ఏమైంది" అంటే "ఏం లేదన్నా" అంటారు. "ఈ మధ్య నిద్ర ఎట్లుంది, తిండి ఎట్లుంది" అని మొదలుపెట్టండి.

పిల్లోడి ప్రశ్న ఏందో అడిగి, వాడి మాటల్లోనే కాగితం మీద రాసుకోండి. డాక్టరు దగ్గర ముందు ఆ కాగితం చూపించండి. వాడే చూపిస్తే ఇంకా మంచిది.

బతకాలని లేదనే అనుమానం వస్తే తిప్పి తిప్పి అడగొద్దు, నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన వస్తుందనేది అపోహ. ఉందని చెప్తే ఒంటరిగా వదలొద్దు. ఆ రోజే పెద్దవాళ్ళకు, డాక్టరుకు చెప్పాలి. చెప్తానని వాడికి ముందే చెప్పండి. టెలి మానస్ నంబరు 14416, ఏ టైములోనైనా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు లేదు.

డాక్టరు తల్లిదండ్రులతోనే మాట్లాడుతుంటే, "సార్, పిల్లోణ్ణి కూడా ఒకసారి విడిగా అడగండి" అనండి. మర్యాదగా, గట్టిగా.

వాడి కష్టాన్ని పోస్టు చెయ్యొద్దు, పోస్టర్ చెయ్యొద్దు, అర్జీలో పేరు పెట్టొద్దు, వాడు సరేననేదాకా. ఇది నాకు నేను చెప్పుకుంటున్న మాట.

వచ్చే భాగంలో మాతమ్మ గురించి రాస్తాను. జబ్బుపడిన ఆడబిడ్డను ఉమ్మడి చిత్తూరు జిల్లా తూర్పు మండలాల్లో దేవతకు వదిలే ఆచారం, 1988 చట్టం తర్వాత కూడా ఎందుకు నిలిచిందో, ఆ బిడ్డలను ఎవరైనా ఏమైనా అడిగారో చూద్దాం. ఆ మండలాల నుంచి ఎవరైనా ఉంటే రాయండి.

జై భీమ్.